సెకండ్ హ్యాండ్ సైకిల్ కొంటున్నారా? ముందు స్టిక్కర్ పీకి చూడండి

నిన్న సాయంత్రం ఆ షాపు నుంచి ఇంటికొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. విజయవాడ, గుంటూరు వైపు సెకండ్ హ్యాండ్ గేర్ సైకిల్ కొనాలనుకుంటున్న వాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. షాపు పేరు రాయడం లేదు. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద సైకిల్ తొక్కేవాళ్ళకి ఏ షాపో నేను చెప్పక్కర్లేదు, మనలో చాలామంది సర్వీసింగ్‌కి వెళ్ళేది అక్కడికే.

విషయం క్లుప్తంగా చెప్తాను. నేను, మా బావమరిది కలిసి కాకినాడ నుంచి బాపట్ల సూర్యలంక బీచ్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలని అనుకున్నాం. 216 నంబరు జాతీయ రహదారి మీద యానాం, అమలాపురం, నరసాపురం, బందరు, రేపల్లె మీదుగా నాలుగు రోజులు, మూడు వందల కిలోమీటర్ల లోపు. తలసీమియా ఉన్న పిల్లలకి రక్తం ఎక్కించడానికి, మందులకి సాయం చేసే ఒక సంస్థ కోసం. తెలిసినవాళ్ళు కిలోమీటరుకి ఐదు రూపాయలనీ పదనీ ఎవరికి తోచింది వాళ్ళు మాటిచ్చారు. మా బావమరిది కొడుక్కి తొమ్మిదేళ్ళు, వాడికీ ఈ జబ్బే. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తం ఎక్కే కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దాన్ని తగ్గించడానికి రోజూ మందు. మేం సైకిల్ ఎక్కింది ఎందుకో తెలియాలని ఇదంతా చెప్తున్నాను.

బావమరిదికి సైకిల్ ఉంది. నాకు లేదు. కొత్తది కొనే స్తోమత లేక ఆ షాపులో అల్యూమినియం ఫ్రేమ్ హైబ్రిడ్ ఒకటి చూశాను. పదహారు వేల ఐదొందలు. పన్నెండు వేలు ఫోన్‌పేలో కొట్టి మిగతాది చేతికిచ్చాను. బిల్లు అడగలేదు. "బిల్లు తీసుకో బావా" అని బావమరిది పక్కనుంచి అన్నాడు కూడా. ఓనరు అంత మర్యాదగా మాట్లాడుతుంటే అడగడానికి నాకు మొహమాటం వేసింది. ఈ తప్పు నాదే, ఎవరిమీదా తొయ్యను.

ఇప్పుడు అసలు సంగతి. ఎందుకు వెళ్తున్నామని ఆయన అడిగాడు. చెప్పాం. పిల్లాడి సంగతి కూడా బావమరిదే చెప్పాడు. ఆయన "అయ్యో" అన్నాడు, డ్రాయరులోంచి ఐదొందలు తీసి మా చేతిలో పెట్టాడు, మాతో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. సైకిళ్ళకి అంటించుకోవడానికి "రక్తదానం చేయండి" అని రేడియం స్టిక్కర్లు చేయించి తీసుకెళ్ళాం. నాది నేను వెనక మడ్‌గార్డు మీద వేసుకుందామని తీస్తుంటే, "అక్కడెవరు చూస్తారండీ, ఇలా ఇవ్వండి, నేను వేస్తా" అని చేతిలోంచి తీసుకున్నాడు. హ్యాండిల్ కిందనుంచి పెడల్ వైపు వాలుగా వచ్చే లావు గొట్టం ఉంటుందే, దాని పైభాగంలో, అతుకు దగ్గర, గొట్టం చుట్టూ తిప్పి అంటించాడు. పాత ఏటీఎం కార్డు తీసి గాలి బుడగల్లేకుండా అంచులదాకా మెల్లగా నొక్కాడు. రెండు నిమిషాలు పట్టింది. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో అనుకుని నేను ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఆయన బొటనవేలు సరిగ్గా ఆ చోట ఉంది.

మొదటి రోజు బాగానే జరిగింది. యానాం, ఎదుర్లంక వంతెన దాటి సాయంత్రానికి అమలాపురం చేరాం. సంక్రాంతి తర్వాత రోజులు, గాలి కూడా వెనకనుంచే తోసింది. రెండో రోజు రాజోలు దాటాక ముందువైపు నుంచి టిక్, టిక్ అని చిన్న శబ్దం మొదలైంది. హ్యాండిల్ బేరింగ్ వదులైందేమో, రాత్రికి నరసాపురంలో చూపిద్దాంలే అనుకున్నాను. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కాం. కింద వశిష్ట గోదావరి, పక్కనుంచి లారీలు. హ్యాండిల్ నేను తిప్పకుండానే అటూ ఇటూ మెత్తగా ఊగడం మొదలుపెట్టింది. వెనక వస్తున్న బావమరిది "బావా, కాలు దించు! కాలు దించు!" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. వాడికి వెనకనుంచి నా ముందు చక్రం పక్కకి వాలడం కనిపించిందట.

దిగాను. సైకిల్‌ని రెయిలింగ్‌కి ఆనించాం. వాడు ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ కదిపాడు. బేరింగ్ కాదు. స్టిక్కర్ మీద సన్నని ముడత పడుతోంది, కదిపినప్పుడల్లా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గోటితో అంచు లేపి పీకాను.

కింద పుట్టీ ఉంది. పుట్టీ మీద ఫ్రేమ్ రంగుకి దగ్గరగా ఉండే పెయింటు, బ్రష్ గీతలతో సహా. ఆ పుట్టీ చీలి ఊడొస్తుంటే లోపల పగులు, గొట్టం చుట్టూ సగం దూరం. నా చిటికెన వేలి గోరు అందులో దిగింది.

ఏ స్టిక్కర్ కింద దాచాడో చూడండి. పిల్లలకి రక్తం ఇవ్వమని మేం రాయించుకున్న స్టిక్కర్ కింద. మా కారణం విని, "అయ్యో" అని, ఆ స్టిక్కర్‌నే మా చేతిలోంచి తీసుకుని పగులు మీద మూత పెట్టాడు. ఆ గొట్టం వంతెన మీదే రెండు ముక్కలై ఉంటే ముందు చక్రం కిందికి మడుచుకుపోయేది, నేను మొహం మీద లారీ ముందు పడేవాణ్ణి. ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు జలదరిస్తోంది.

ఆటోలో వేసుకుని పాలకొల్లు తీసుకెళ్ళాం. అక్కడొక పెద్దాయన, సైకిల్ మెకానిక్, చూసి ఒక్క మాటే చెప్పాడు. "ఇది ఇవాళ్టి పగులు కాదండీ. కొత్తగా విరిగిన చోట అల్యూమినియం తళతళా మెరుస్తుంది. మీది చూడండి, ఈ కొస మెరుస్తోంది, మిగతాదంతా నల్లబడిపోయింది. నెలల కిందటిది." టార్చి వేసి చూపించాడు, ఫొటోలు తీసుకున్నాను. వెల్డింగ్ పెట్టమంటే పెట్టనన్నాడు. స్టీలు ఫ్రేమ్ అయితే అతుకు వేసేవాడట. అల్యూమినియానికి అతుకు వేస్తే ఆ వేడికి పక్కన లోహం మెత్తబడుతుంది, ఫ్యాక్టరీలో అయితే ఆ తర్వాత మళ్ళీ వేడి చేసి గట్టిపరుస్తారు, రోడ్డు పక్క షాపులో అది కాదు, మళ్ళీ అక్కడే విరుగుతుంది అన్నాడు. "మీరు పడితే ఆ పాపం నాకొద్దు" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

నా ప్రయాణం అక్కడితో ఆగిపోయింది, వంద కిలోమీటర్ల దగ్గర. బావమరిది ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే లేచి "నేను వెళ్తాను బావా, మనవాళ్ళు కిలోమీటర్లకి మాటిచ్చారు కదా" అన్నాడు. వాడు ఒక్కడే సైకిల్ మీద, నేను ఇద్దరి బ్యాగులతో బస్సులో. మూడో రోజు బందరు. నాలుగో రోజు పెనుమూడి వంతెన దగ్గర ఆగి ఫోన్ చేశాడు, "కృష్ణ దాటుతున్నా" అని. వాడి పక్కన నేను దాటాల్సిన వంతెన అది. సూర్యలంకలో నేను ఇసుకలో నిలబడి ఎదురుచూశాను. మామూలుగా అయితే ఇద్దరం కలిసి చక్రాలు సముద్రపు నీళ్ళల్లో పెట్టాలి అనుకున్నాం. వాడొక్కడే పెట్టాడు. నా వాటా కిలోమీటర్లు సగం కూడా కాలేదు. చాలామంది "పర్లేదు, మొత్తానికీ ఇస్తాం" అన్నారు, వాళ్ళకి నా దండాలు. అయినా అడగడానికి నాకు నోరు రావడం లేదు.

నిన్న ఇద్దరం ఫ్రేమ్ పట్టుకుని షాపుకి వెళ్ళాం. గొడవ పడాలని కాదు. డబ్బు వెనక్కి ఇస్తే చాలనుకున్నాం, సగం ఇచ్చినా ఊరుకునేవాణ్ణి నిజంగా. షాపులో నలుగురైదుగురు కస్టమర్లు ఉన్నారు. ఓనరు ఫ్రేమ్ వంక కూడా చూడలేదు. "గోతుల్లో తొక్కి తెచ్చి నన్నడిగితే ఎలా" అన్నాడు. పుట్టీ చూపించాను. "నాకేం తెలుసు, పాత ఓనరు పెట్టించాడేమో" అన్నాడు. స్టిక్కర్ మీరే అక్కడ వేశారు కదా అని ఫొటో చూపించాను. "స్టిక్కర్ తెచ్చింది ఎవరు, మీరే కదా" అన్నాడు. అప్పటిదాకా ఓపిక పట్టాను.

తర్వాత అన్న మాట చెప్తాను. అందరికీ వినపడేలా అన్నాడు. "సేవ అని పేరు పెట్టుకుని వచ్చేవాళ్ళని చాలామందిని చూశానండీ. జనం దగ్గర కిలోమీటరుకి ఇంతని వసూలు చేశారుగా, అందులోంచి ఇంకోటి కొనుక్కోండి."

మా బావమరిది నా పక్కనే ఉన్నాడు. వాడి కొడుకు సంగతి ఈ మనిషికి తెలుసు, వాడి నోటితోనే విన్నాడు. వచ్చిన ప్రతి రూపాయీ ఆ సంస్థ ఖాతాలోకి నేరుగా వెళ్ళింది, మా చేతికి ఒక్క పైసా రాలేదు, దారి ఖర్చులు కూడా మావే. ఇవన్నీ నేను అరిచి చెప్పాలనుకున్నాను. గొంతు పూడుకుపోయింది. బావమరిది మాత్రం జేబులోంచి ఐదొందలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఇది ఆరోజు మీరిచ్చింది. పద బావా" అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. బయటికొచ్చాక బండి స్టార్ట్ చేయడానికి వాడికి రెండు మూడు సార్లు పట్టింది, చెయ్యి వణికి.

పదహారు వేల ఐదొందలు పోయాయి, పోనీ. మళ్ళీ సంపాదించుకుంటాను. వాడు ఆ మాట పడేలా చేశాను, ఆ షాపుకి నేనే తీసుకెళ్ళాను, అది మాత్రం మింగుడుపడటం లేదు. బిల్లు తీసుకోమని వాడు చెప్పినప్పుడు తీసుకుని ఉంటే కనీసం నిన్న అక్కడ నిలబడి మాట్లాడే ధైర్యం ఉండేది.

ఎవరో ఒకరికి పనికొస్తుందని నాలుగు మాటలు. సెకండ్ హ్యాండ్ సైకిల్ ఏదైనా సరే, కొనేముందు ఫ్రేమ్ మీద స్టిక్కర్లన్నీ పీకించండి, ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. హ్యాండిల్ కింద అతుకులు, సీటు కింద అతుకులు, పెడల్ ఇరుసు చుట్టూ, ఈ మూడు చోట్లా పగటి వెలుతురులో గోరు పెట్టి జరపండి, పెయింటు గీత అయితే గోరు జారిపోతుంది, పగులైతే తగులుతుంది. ఒక్కచోట మాత్రమే పెయింటు తేడాగా ఉంటే అనుమానించండి. బిల్లు మీద ఫ్రేమ్ నంబరు రాయించుకోండి, మామూలుగా అది పెడల్ ఇరుసు కింద, సైకిల్ తిరగేస్తే కనిపిస్తుంది.

నేను ఇవాళ పొద్దున 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంది. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రికార్డు ఉంది, స్టిక్కర్ వేస్తున్న ఫొటో ఉంది, పాలకొల్లులో తీసిన ఫొటోలు ఉన్నాయి. ఇదే షాపులో ఇలాంటి అనుభవం ఎవరికైనా ఉంటే నాకు చెప్పండి, కలిసి వెళ్దాం.

ఫ్రేమ్ గుంటూరులో బావమరిది వాళ్ళ వరండాలో ఉంది. ఇనుప సామాన్ల అతను నిన్న వచ్చి అడిగితే ఇవ్వలేదు. కేసు తేలాక, పగిలిన చోట రంపం పెట్టి రెండు ముక్కలు చేయించి అప్పుడు ఇస్తాను. అది మళ్ళీ ఇంకెవరి కిందికీ వెళ్ళకూడదు.