మిల్లు గోడ మీద 2048 చుక్కలు: పిక్సెల్ లైటింగ్ అద్దెకి తీసుకుని సొంత వీడియో వేయించుకున్న అనుభవం

ఈ సంక్రాంతికి మా పెదనాన్నగారి పాత రైస్ మిల్లు ముందు గోడ మీద మూడు రాత్రులు పిక్సెల్ లైటింగ్ కట్టించాం, అంటే ఒక్కో బల్బు ఒక్కో చుక్కలా విడివిడిగా రంగు మారుతూ గోడ మొత్తం బొమ్మ ఆడే లైటింగు, దాంట్లో ఆడిన వీడియో అంతా నేనే చేశాను. మావుళ్ళమ్మ ఉత్సవాలకి భీమవరం వెళ్ళొచ్చినవాళ్ళకి ఈ సెట్టింగులు కొత్తేం కాదు, నెమలి పురి విప్పడం, చక్రం తిరగడం, అమ్మవారి బొమ్మ వెలిగి ఆరడం, ఇవన్నీ లైటింగ్ వాళ్ళ దగ్గర రెడీగా ఉంటాయి, మెమరీ కార్డులో వేసి పెట్టేస్తారు. మాకేమో అవి కాకుండా మన కాలవ, మన కొంగలు, సంక్రాంతి తీర్థానికి భుజాల మీద మోసుకెళ్ళే మన ప్రభ ఆ గోడ మీద కనపడాలని ఉంది. నాలాగా సొంత వీడియో వేయించుకోవాలనుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నానండి. కాంట్రాక్టర్ గారి పేరు మాత్రం పెట్టట్లేదు, లోపాలు కొన్ని చెప్పాలి, వాటిలో చాలావరకు ఆయన ఆ మూడు రోజుల్లోనే సరిచేసేశారు కూడా.

అద్దెకి తీసుకున్నది ఏంటంటే, అడ్డంగా 64 నిలువుగా 32 చుక్కలు, మొత్తం 2048 బల్బులు, బల్బుకీ బల్బుకీ 9 అంగుళాలు. అంటే 48 అడుగుల వెడల్పు 24 అడుగుల ఎత్తు, మిల్లు ముఖం మొత్తం దాదాపు కప్పేసింది. సరుగుడు కర్రలతో ఫ్రేము కట్టి దానికి వల బిగించి, ఆ వలకి 50 బల్బుల మాలలు కట్టుకుంటూ పోయారు. బల్బులో ఉండే చిప్పు డబ్ల్యూఎస్ 2811, మన వైపు అందరూ వాడేదే. కట్టడం, విప్పడం, మూడు రాత్రులూ ఒక కుర్రాడు దగ్గరుండడం, అన్నీ కలిపి 45 వేలు, జనరేటర్ ఖర్చు మాది. గోడ సైజు చూస్తే నాకు ఎక్కువనిపించలేదు.

నేను అమలాపురంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, కాబట్టి వీడియో సంగతి నాకు తెలుసులే అనుకుని పది రోజులు కూర్చుని ఫుల్ హెచ్‌డీలో ఆరు నిమిషాలు చేశాను. కొబ్బరి తోటల మీద డ్రోన్ షాట్లు, కాలవలో పడవ, నర్సాపురం లేసు డిజైన్ మెల్లగా విచ్చుకునేట్టు ఒక యానిమేషన్, లేసు అంటే మా అమ్మ చేతి పని కాబట్టి అది నాకు ప్రాణం. భోగి ముందు రోజు రాత్రి కార్డు పెట్టి ఆన్ చేస్తే గోడ నిండా ఏదో పచ్చగా తెల్లగా కదులుతోంది తప్ప ఒక్క బొమ్మ తెలియలేదండి. కొబ్బరాకులు మొత్తం ఒకటే ఆకుపచ్చ ముద్ద, లేసు అయితే బూడిద రంగు పొగ. లెక్క వేసుకుంటే అర్థమైంది, అడ్డంగా 1920 చుక్కలున్న బొమ్మని 64కి కుదిస్తే ముప్ఫై చుక్కలు కలిసి ఒకటి అవుతాయి, లేసు దారం నా స్క్రీన్ మీద మూడు నాలుగు చుక్కల మందం, పక్కనున్న నలుపుతో కలిసి సగటు అయిపోయి మాయమైపోయింది. ల్యాప్‌టాప్‌లో అందంగా కనపడేది ఏదీ గోడ మీద ఉంటుందని నమ్మకండి, నాకు పది రోజుల పని పోయింది.

ఆ రాత్రే కూర్చుని మళ్ళీ మొదలెట్టాను, ఈసారి ఎడిటింగ్‌లో బొమ్మ సైజే 64 బై 32 చుక్కలు పెట్టుకున్నాను, ఒక్కో చుక్క నేనే పెట్టుకుంటూ గీయడం. దాన్ని పెద్దది చేసి చూసేటప్పుడు అంచులు మెత్తబడకుండా గళ్ళు గళ్ళుగానే కనపడే సెట్టింగ్ పెట్టుకోవాలి, మెత్తగా చూపించే ప్రివ్యూ చూసి మురిసిపోతే మళ్ళీ అదే మోసం. గది అవతలికి వెళ్ళి కళ్ళు సగం మూసి చూడడం కూడా చాలా ఉపయోగం. ఇది నేను కనిపెట్టిందేం కాదు, 1973లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో హార్మన్ అనే ఆయన అబ్రహం లింకన్ ముఖాన్ని కొన్ని వందల గళ్ళకి కుదించి చూపించాడు, దగ్గరగా చూస్తే చదరాలు, దూరం వెళ్ళినా కళ్ళు చికిలించినా ముఖం. గళ్ళ అంచులే మన కంటిని అడ్డుకుంటాయి, ఆ అంచులు మసకబడితే లోపలి బొమ్మ బయటికొస్తుంది.

అందులో మొదట కుదిరింది కొంగ. ఎగిరే కొంగకి తల, మెడ, ఒళ్ళు, రెండు రెక్కల కొసలు, వెనక కాళ్ళు, ఇలా ఏడెనిమిది తెల్ల చుక్కలు, వెనక అంతా నలుపు. వీడియో ఆపి చూస్తే అది కొంగ అని ఎవరూ చెప్పలేరు, చెదిరిన బియ్యం గింజల్లా ఉంటుంది. ప్లే చేయగానే, రెక్క మెల్లగా లేచి కిందకి దిగేసరికి, మా పక్కింటి నాలుగేళ్ళ పాప "కొంగ" అంది. ఇది కూడా 1973 సంగతే, స్వీడన్‌లో యొహాన్సన్ అనే ఆయన మనిషి కీళ్ళ దగ్గర మాత్రమే చిన్న దీపాలు పెట్టి చీకట్లో నడిపిస్తే పది పన్నెండు చుక్కలతోనే మనిషి నడుస్తున్నాడని చూసినవాళ్ళు వెంటనే గుర్తుపట్టేశారు, అదే మనిషి ఆగిపోతే ఏమీ తెలియలేదు. ఇలాంటి గోడ మీద బొమ్మని మోసేది కదలికే. గీత ఎంత బాగా గీశాం అన్నది తర్వాతి సంగతి, రెక్క ఎంతసేపట్లో లేస్తుంది, పైన ఎంతసేపు ఆగుతుంది, అక్కడే గంటలు పెట్టాలి. నేను చేలో కొంగలని ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఒక్కో ఫ్రేము చూసుకుంటూ చేశాను, దాని వల్లే అంత సహజంగా వచ్చింది.

ఇప్పుడు సామాను గురించి. కార్డులోని వీడియోని బల్బులకి పంపే డబ్బాని కంట్రోలర్ అంటారు, మొదటి రాత్రి ఒకటే లైను ఉన్నది తెచ్చారు, అందులో 2048 బల్బులూ ఒకే తీగ మీద వరసగా ఉన్నాయి. ఈ చిప్పులో ఒక్కో బల్బుకి దాని రంగు చెప్పడానికి 24 బిట్ల సమాచారం పంపాలి, దానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది, 2048కి లెక్కేస్తే 61 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 16 సార్లకి మించి బొమ్మ మారదు. చక్రం తిరిగితే అది చాలేమో గానీ కొంగ రెక్క కుదుపులు కుదుపులుగా ఆడింది. కాంట్రాక్టర్ గారితో "బాబాయ్ గారూ, ఎనిమిది లైన్లది ఏమైనా ఉందాండి" అంటే "ఉంది బాబూ, తాడేపల్లిగూడెం పనిలో ఉంది, పొద్దున్నకల్లా తెప్పిస్తా" అన్నారు, అన్నట్టే తెల్లారేసరికి తెప్పించారు. లైనుకి 256 బల్బులు అయితే ఎనిమిది మిల్లీసెకన్లు కూడా పట్టదు, సెకనుకి 30 ఫ్రేములు హాయిగా నడిచాయి. ఇది మీరు మాట్లాడుకునే రోజే అడగాల్సిన ప్రశ్న, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళ రెడీమేడ్ బొమ్మలకి దాని అవసరం రాదు.

రంగుల దగ్గర ఇంకో కష్టం. మన మానిటర్లు గామా అని ఒక సర్దుబాటు చేసి చూపిస్తాయి, ఈ బల్బులు అలా కాదు, ఎంత అంకె ఇస్తే అంత వెలుగు నేరుగా ఇచ్చేస్తాయి. నిండు వెలుగుకి అంకె 255, నేను సగం వెలుగు అనుకుని 128 పెడితే గోడ మీద దాదాపు తెల్లగానే కనపడింది, దాన్ని 56 దాకా దించితే గానీ నాకు కావాల్సిన సగం రాలేదు. కింది అంకెల్లో మళ్ళీ వేరే చిక్కు, పదికీ సున్నాకీ మధ్య మెల్లగా ఆర్పుదామంటే ఒక్కో మెట్టూ కంటికి టకటకా తెలిసిపోతుంది, కాబట్టి పూర్తిగా చీకటయ్యే సన్నివేశాలు తొందరగా ఆర్పేయడం మంచిది. గోధుమ రంగు అసలు రాదు, మట్టి రంగు పడవ చేద్దామంటే అది మసక నారింజ పడవే అయింది. పసుపు కొంచెం పచ్చదనం కొడుతుంది, ఆకుపచ్చ అంకె బాగా తగ్గిస్తే అప్పుడు బంతిపువ్వు రంగు వచ్చింది, ఆ రంగు వచ్చిన క్షణం నాకు చాలా సంతోషం వేసింది.

కరెంటు సంగతి కూడా వీడియో చేసేవాళ్ళు తెలుసుకోవాలి. ఒక్కో బల్బు తెల్లగా వెలిగితే 5 వోల్టుల మీద 60 మిల్లీ ఆంపులు, 2048కి 120 ఆంపుల పైమాట, 600 వాట్లు దాటుతుంది. వాళ్ళు 300 వాట్ల ఎస్ఎంపీఎస్‌లు, అంటే కరెంటుని 5 వోల్టులకి దించి బల్బులకి ఇచ్చే డబ్బాలు, రెండే పెట్టారు. నేను తెల్ల మెరుపు ఒకటి గోడ నిండా వేసేసరికి తీగ చివర ఉన్న బల్బులన్నీ ఎర్రగా తిరిగిపోయాయి, దూరం వెళ్ళేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, ముందు నీలం తగ్గుతుంది, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు ఒక్కటి మిగులుతుంది. మర్నాడు మూడోది తెచ్చి, మధ్యలో కూడా కరెంటు అందేట్టు తీగలు లాగారు. నా వైపు నుంచి గోడ మొత్తం తెల్లగా వెలిగే చోట్లన్నీ తీసేశాను, అలా తీసేస్తే బొమ్మే బాగుపడింది, నలుపు ఎక్కువ ఉన్నప్పుడే ఈ చుక్కలకి విలువ.

అసలు కోపం వచ్చింది మ్యాపు దగ్గర, అంటే తీగ ఏ బల్బు నుంచి ఏ బల్బుకి వెళ్తుందో చెప్పే పటం. వైరింగ్ అడ్డవరసలుగా ఉంటుందని ముందు చెప్పారు, నేను అలాగే సెట్ చేసుకుని వెళ్ళాను, తీరా చూస్తే కింద నుంచి పైకి ఒక నిలువు వరస, పక్కది పై నుంచి కిందకి, పాములా తిరిగి ఉంది, బొమ్మంతా ముక్కలు ముక్కలు. రెండు గంటలు దానికే పోయింది. కాగితం మీద గీసి ఇమ్మనండి, మొదటి బల్బు ఎక్కడ, ఏ దిక్కుకి వెళ్తుంది, ఏ లైను ఎక్కడ మొదలవుతుంది. ఇక ఒక బల్బు పోతే దాని తర్వాతవి అన్నీ ఆరిపోతాయి, సిగ్నల్ ఒకదాని లోంచి ఇంకోదానికి వెళ్ళాలి కదా. సంక్రాంతి రాత్రి ఎనిమిదింటికి అదే జరిగింది, పైన ఎడమ మూల అంతా చీకటి. ఆ కుర్రాడు నిచ్చెన వేసుకుని మంచులో ఎక్కి పాడైన బల్బు వెతికి కోసి కొత్తది అతికించి ఇరవై నిమిషాల్లో దిగాడు, టీ ఇస్తే తాగకుండా ముందు మొత్తం గోడ ఒకసారి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేసి చూసుకున్నాడు. అతని పనికి నేను ఐదుకి ఐదు ఇస్తాను.

ఇంత తక్కువ చుక్కలతో ఏం అవుతుందిలే అనేవాళ్ళకి ఒకటి చెప్పాలి. 2001లో బెర్లిన్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్ళు ఒక బిల్డింగు కిటికీల వెనక దీపాలు పెట్టి 18 బై 8, అంటే 144 కిటికీలతోనే ఊరంతటికీ బొమ్మలు ఆడించారు. శాన్ ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ టవర్ కొసన జిమ్ క్యాంప్‌బెల్ అనే ఆర్టిస్టు 2018లో పెట్టినదానికి 11 వేల ఎల్ఈడీలు, ఊళ్ళో కెమెరాలు తీసిన దృశ్యాలే రాత్రికి పైన ఆడతాయి. ఆ దీపాలు జనం వైపు తిరిగి ఉండవు, బిల్డింగు వైపు తిరిగి ఉంటాయి, లోహపు రేకుల మీద పడి తిరిగొచ్చిన వెలుగే మెత్తగా కనపడుతుంది. అది చదివి మేము ఒక మూల షామియానా వాళ్ళ పల్చటి తెల్ల గుడ్డ బల్బులకి అడుగున్నర ముందుకి కట్టి చూశాం, చుక్కలు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఎంత బాగుందో. గాలికి ఊగిపోతోందని తీసేయాల్సొచ్చింది.

ఆ గుడ్డ పని భోగి తెల్లవారుజామున మంచు చేసిపెట్టింది. మూడున్నరకి పొగమంచు దిగితే ప్రతి చుక్క చుట్టూ ఒక గుండ్రటి వెలుగు, కాలవ అవతల గట్టు మీద నుంచి చూస్తే అచ్చం రంగులు అద్దినట్టు. దూరం విషయం కూడా అక్కడే తేలింది. 9 అంగుళాల ఎడం ఉన్న చుక్కలు మంచి చూపున్న కంటికి పూర్తిగా కలిసిపోవాలంటే ముప్పావు కిలోమీటరు పైన వెళ్ళాలి, అంత దూరం ఎవరూ వెళ్ళరు, కానీ వంద మీటర్లు వెళ్తే చాలు చుక్కలు కనపడుతూనే బొమ్మ కుదురుతుంది. మిల్లు గేటు ముందు నిలబడి చూసినవాళ్ళు "ఏవో లైట్లు" అన్నారు, వంతెన మీద ఆగినవాళ్ళు పడవ అన్నారు. మీ గోడ ముందు అంత ఖాళీ లేకపోతే సొంత వీడియో పెట్టుకోకండి, రెడీమేడ్ నెమలే మంచిది, నిజంగా చెప్తున్నాను.

కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసొచ్చి, గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటడం చూసి, ఆ తడి కళ్ళల్లో ఉండగానే సాయంత్రం చివరి ముక్క సరిచేశాను. నీలం గీతలు నాలుగు కింద కదులుతుంటాయి, మీద ఎత్తుగా గుండ్రటి తల ఉన్న ఆకారం, అడ్డంగా ఎరుపు, పసుపు, తెలుపు పట్టీలు, అంతే. మొదట చేసినదాంట్లో ప్రభ నిటారుగా నీటి మీద జారిపోయేది, కారులా. తీర్థంలో చూస్తే అది అలా రాదు, మోసేవాళ్ళ కాళ్ళు బురదలో దిగినప్పుడు ఒక పక్కకి ఒరుగుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, అందరూ పట్టి లేపాక ఇంకో పక్కకి. ఆ ఒరగడం రెండే చుక్కల తేడా. రాత్రి తొమ్మిదింటికి అది గోడ మీద ఒరిగి ఆగగానే వంతెన మీద నుంచి ఎవరో ప్రభ మోసేటప్పుడు వేసే కేక "శరభ శరభ" అని అరిచారు, వెనకాల గట్టు మీద ఉన్నవాళ్ళందరూ "అశ్శరభ" అన్నారు. మా పెదనాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

వచ్చే సంక్రాంతికి అదే కాంట్రాక్టర్ గారికి ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. ఈసారి కాగితం మీద రాసుకున్నాం: ఎనిమిది లైన్ల కంట్రోలర్, మూడు ఎస్ఎంపీఎస్‌లు, వైరింగ్ మ్యాపు పదిహేను రోజుల ముందు, భోగికి రెండు రాత్రుల ముందే గోడ కట్టి నాకు అప్పజెప్పడం. లేసుకి కూడా ఒక దారి దొరికింది, డిజైన్ మొత్తం ఒకేసారి చూపించకుండా ఒక్క తెల్ల చుక్క సూదిలా తిరుగుతూ అల్లుకుంటూ వెళ్తే దారి అర్థమవుతుందేమో అని, మా అమ్మ చేతులని ఇప్పుడు వీడియో తీస్తున్నాను.