పద్దెనిమిదేళ్ళవాడి మీద పందెం: ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్

ఐస్ హాకీ జట్టును నడిపే మేనేజరు కుర్చీలో మనల్ని కూర్చోబెట్టే కంప్యూటర్ ఆట ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్. ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలతో పేరుపొందిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ దీనిని 2015లో, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ద్వారా విడుదల చేసింది. పదేళ్ళు దాటిన ఆటకు ఇప్పుడు సమీక్ష ఎందుకని అడగవచ్చు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దీనిని నాకు బహుమతిగా పంపడం ఒక కారణం. భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో, నీటికి ఆక్సిజన్ అందించే ఏరియేటర్లు ఆగిపోకుండా కనిపెట్టుకుని రాత్రంతా మేలుకోవలసిన పని నాది కావడం మరొక కారణం. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఎంతో ప్రతిభ ఉందని అందరూ ఒప్పుకున్న కుర్రాళ్ళు వృత్తి క్రీడలోకి వచ్చాక ఎందుకు నిలబడలేకపోతారన్న ప్రశ్నను ఇంత ఓపికగా పట్టుకున్న ఆట నాకు మరొకటి కనిపించలేదు. అది ఇచ్చే జవాబులో సగమే సరైనదని నా అభిప్రాయం. ఆ సగం కోసమైనా దీనిని కొనవచ్చు.

మన వైపు హాకీ అంటే టర్ఫ్ మీద ఆడేదే గనుక ముందుగా కొంత వివరించాలి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో ఇప్పుడు 32 జట్లు ఉన్నాయి. ఏటా వేసవిలో జరిగే డ్రాఫ్ట్‌లో అవి ఏడు రౌండ్లలో మొత్తం 224 మంది కుర్రాళ్ళ మీద హక్కులు పొందుతాయి. ఇందులో డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు; ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ఒక పేరు చెబుతారు, బలహీనమైన జట్లకు లాటరీ పద్ధతిలో ముందు వంతులు దక్కుతాయి. ఎంపికయ్యేవారిలో ఎక్కువ మందికి పద్దెనిమిదేళ్ళే. అంటే మన పిల్లలు ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగ్ సీటు కోసం ఎదురుచూసే వయసు. ఎముకలు ఇంకా గట్టిపడుతున్న ఆ వయసులో, తోటి పిల్లలతో ఆడిన ఆటను మాత్రమే చూసి, ఇరవై ఎనిమిదేళ్ళ మగవాళ్ళ మధ్య వీడు ఎలా ఆడతాడో చెప్పమనడం ఎంత కఠినమో ఆలోచించండి.

ఈ కాఠిన్యాన్ని ఆట బాగా పట్టుకుంది. ప్రతి ఆటగాడి నైపుణ్యాలూ 1 నుంచి 20 వరకు అంకెల్లో మనకు కనిపిస్తాయి. వాటి వెనుక మనకు కనిపించకుండా మరో రెండు సంఖ్యలు నడుస్తుంటాయి: ఒకటి అతని నేటి సామర్థ్యం, రెండవది అతను ఎన్నటికైనా చేరగల గరిష్ఠ స్థాయి. రెండింటికీ పై హద్దు 200. నిలకడ, తరచూ గాయపడే శరీరం వంటివి కూడా దాగి ఉండే లక్షణాలే. కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేయడానికి మనం పంపిన స్కౌట్లు వీటిని ఊహించి నివేదికలు రాస్తారు, ఒకే కుర్రాడి గురించి ఇద్దరు స్కౌట్లు రెండు రకాలుగా రాసిన సందర్భాలూ ఉంటాయి. ఆ నివేదికలు చదువుతూ, ఎవరి కన్ను నమ్మదగినదో తేల్చుకుంటూ గడిపే సమయమే ఈ ఆటలో అన్నిటికంటె రుచికరమైనది. మ్యాచ్ చూసే తెర మాత్రం పైనుంచి చూసినట్లుండే సాదా బొమ్మ. దాని కోసం ఎవరూ దీనిని కొననక్కరలేదు.

హేచరీ నుంచి తెచ్చిన వనామీ రొయ్య పిల్లలకు, అంటే సీడ్‌కు, పీసీఆర్ పరీక్షలో ఏ వైరసూ లేదని తేలినంత మాత్రాన పంట చేతికొచ్చినట్లేనని మా వైపు ఏ రైతూ అనుకోడు. చెరువు నీటి ఉప్పదనానికి అలవాటు చేయకుండా వదిలినా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా, మేత ఎక్కువై అడుగు చెడిపోయినా, సీడ్ మంచిదని చెప్పే కాగితం మాత్రం జేబులో భద్రంగానే ఉంటుంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన స్థానం కూడా అటువంటి కాగితమే. ఈ సంగతిని పరీక్షించడానికి నేను ఆటలో ఒకే కుర్రాణ్ణి రెండు దారుల్లో నడిపి చూశాను. ఒక దారిలో అతణ్ణి ఎంపిక చేసిన ఏడాదే పెద్ద జట్టులోకి తెచ్చి నాలుగవ లైనులో, అంటే వంతులవారీగా బరిలోకి దిగే బృందాల్లో చివరిదానిలో, కొద్ది నిమిషాలు ఆడించాను. మరొక దారిలో జూనియర్ లీగ్‌కు తిప్పి పంపి, అక్కడ మొదటి లైనులో ఆడనిచ్చి, తరువాత పిలిచాను. నా ఆటలో మొదటివాడి ఎదుగుదల మందగించి చివరకు మరో జట్టుకు పోయాడు, రెండవవాడు ఇరవై మూడేళ్ళకు గోల్స్ చేయడం మొదలుపెట్టాడు. ఒక్క కుర్రాడి లెక్కతో సూత్రం కట్టలేము, కానీ నిజమైన లీగ్ చరిత్ర కూడా ఎక్కువగా ఇటువైపే మొగ్గుతుంది.

1999 డ్రాఫ్ట్ చూడండి. మొదటి స్థానంలో అట్లాంటా జట్టు చెక్ కుర్రాడు పాట్రిక్ స్టెఫాన్‌ను తీసుకుంది. ఆ జట్టు ఆ ఏడాదే లీగ్‌లో అడుగుపెడుతున్నది; పక్కన నిలబడి దారి చూపగల సీనియర్లు తక్కువ, ఓటములు ఎక్కువ. అతణ్ణి నేరుగా అందులో దించారు. గాయాలు కూడా తోడై, 455 మ్యాచ్‌లలో 64 గోల్స్‌తో అతని లీగ్ జీవితం ముగిసింది. 2007లో ఖాళీ గోల్ ఎదుట పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళ) చేజారి, తానూ పడిపోయిన ఒక్క దృశ్యంతోనే చాలామంది అతణ్ణి గుర్తుపెట్టుకోవడం అన్యాయమని నేననుకుంటాను. అదే డ్రాఫ్ట్‌లో రెండు, మూడు స్థానాల్లో వాంకూవర్ ఎంపిక చేసిన సెడీన్ కవలలు మరో ఏడాది స్వీడన్‌లోనే ఆడి 2000లో వచ్చారు. వచ్చాక కూడా కొన్నేళ్ళు వాళ్ళ మీద విమర్శలే. తరువాత హెన్రిక్ 2010లోనూ, డేనియల్ 2011లోనూ లీగ్‌లో అత్యధిక పాయింట్లు (చేసిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించారు. 2022లో ఇద్దరూ మేటి ఆటగాళ్ళకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యారు. ఆ 1999 డ్రాఫ్ట్‌లోనే 210వ స్థానంలో డెట్రాయిట్ తీసుకున్న హెన్రిక్ జెటర్‌బర్గ్, అంతకు ముందు ఏడాది 171వ స్థానంలో అదే జట్టు తీసుకున్న పావెల్ డాట్సుక్ సంగతి మరీ విచిత్రం. ఇద్దరినీ వాళ్ళ దేశాల్లోనే కొన్నేళ్ళు ఆడనిచ్చి, డాట్సుక్‌ను 2001లో, జెటర్‌బర్గ్‌ను 2002లో అమెరికాకు తెచ్చుకున్నారు. తొందరపడవలసిన అవసరం లేని బలమైన జట్టు కావడం డెట్రాయిట్‌కు కలిసివచ్చింది. మొదటి వంతు సాధారణంగా బలహీన జట్టుకే వస్తుంది. తొందరా ఆ జట్టుకే ఎక్కువ. డ్రాఫ్ట్ పద్ధతిలోనే ఉన్న ఈ మెలికను ఆట మనచేత అనుభవింపజేస్తుంది: వరుసగా ఓడిపోతున్న జట్టు మేనేజరుకు యాజమాన్యం నుంచి ఒత్తిడి పెరుగుతున్న కొద్దీ, కుర్రాణ్ణి ఇంకో ఏడాది ఆపాలన్న మంచి ఆలోచన చేతిలోంచి జారిపోతుంది.

ఎడ్మంటన్ కథ ఇంకా లోతైనది. 2010, 2011, 2012 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు ఆ జట్టుకే మొదటి వంతు వచ్చింది. మూడవసారి తీసుకున్న రష్యన్ కుర్రాడు నైల్ యాకుపోవ్. అంతకు ముందు ఒంటారియో జూనియర్ లీగ్‌లో సార్నియా జట్టుకు మొదటి సీజన్‌లోనే 49 గోల్స్ చేసినవాడు. లాకౌట్ వల్ల 48 మ్యాచ్‌లకు కుదించిన తొలి సీజన్‌లో 17 గోల్స్, 31 పాయింట్లతో కొత్త ఆటగాళ్ళలో అందరికంటె ముందు వరుసలో నిలిచాడు. మరుసటి సీజన్‌లో 63 మ్యాచ్‌లకు గోల్స్ 11కు పడిపోయాయి. నాలుగు సీజన్లలో నలుగురు కోచ్‌ల కింద ఆడాడు; ఒకరు గోల్స్ చేయమన్నచోట మరొకరు ముందు డిఫెన్స్ నేర్చుకోమన్నారు. 2016లో సెయింట్ లూయిస్‌కు, ఆ తరువాత కొలరాడోకు వెళ్ళి, 2018లో రష్యాకు తిరిగిపోయాడు. మొత్తం 350 మ్యాచ్‌లు, 62 గోల్స్. "మావయ్యా, ఇక్కడ వాడి పేరెత్తితే వాణ్ణి తిట్టాలో మేనేజ్‌మెంటును తిట్టాలో జనానికి ఇప్పటికీ తేలదు" అన్నాడు మా మేనల్లుడు ఫోనులో. నాకైతే రెండవదే ఎక్కువ సబబుగా తోస్తుంది. అయితే పూర్తిగా కాదు: అదే ఎడ్మంటన్ 2015లో మొదటి వంతున తీసుకున్న కానర్ మెక్‌డేవిడ్ అవే గోడల మధ్య, పద్దెనిమిదేళ్ళకే నేరుగా ఆడి, ప్రపంచంలోనే మేటి ఆటగాడయ్యాడు. పరిస్థితులు ఎలా ఉన్నా నెగ్గుకొచ్చే వాళ్ళు అరుదుగా ఉంటారు. జట్లు చేసే పొరపాటు, మొదటి వంతున వచ్చిన ప్రతివాడూ అటువంటివాడే అనుకోవడం.

కుర్రాణ్ణి చూసే కన్నులోనే లోపం ఉండడం ఇంకొక కారణం. కెనడాలో పిల్లల వయో విభాగాలకు జనవరి 1 హద్దు. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడికంటె దాదాపు ఏడాది పెద్దవాడై ఉండి, పదేళ్ళ వయసులో ఆ తేడా వల్లే ప్రతిభావంతుడుగా కనిపిస్తాడు. మంచి కోచ్, మంచు మీద ఆడే ఎక్కువ సమయం అతనికే దక్కుతాయి. పొడవు, బరువు చూసి మురిసిపోవడం కూడా ఇలాంటిదే. ఒకరిని మించిన వారొకరు ఎంపికయ్యారని పేరు పొందిన 2003 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ 12వ స్థానంలో ఎంపిక చేసిన ఆరడుగుల ఆరంగుళాల హ్యూ జెస్సిమన్ ఆ లీగ్‌లో ఆడినవి చివరకు రెండే మ్యాచ్‌లు, అవీ మరో జట్టు తరఫున. జూనియర్ స్థాయిలో శరీరంతో నెగ్గుకొచ్చినవాడు పెద్దవాళ్ళ మధ్యకు రాగానే ఆ ఒక్క ఆధిక్యాన్నీ పోగొట్టుకుంటాడు. అంతవరకు ఆలోచించి ఆడవలసిన అవసరమే అతనికి పడలేదు.

ఇక డబ్బు. 1993లో ఒట్టావా మొదటి వంతున తీసుకున్న అలెగ్జాండర్ డేగ్‌కు ఒక్క మ్యాచ్ ఆడకముందే ఐదేళ్ళకు కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఒప్పందం ఇచ్చారు. అతను 616 మ్యాచ్‌లలో 327 పాయింట్లు చేశాడు, అంటే పనికిరానివాడేమీ కాదు. కానీ అతని వెనుకే రెండవ స్థానంలో వెళ్ళిన క్రిస్ ప్రాంగర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరడంతో, ఎంత చేసినా చాలనివాడుగా మిగిలిపోయాడు. ఆ తరువాత 1995లో కొత్త ఆటగాళ్ళ జీతాలకు లీగ్ పరిమితి పెట్టింది.

ఆట ఇవ్వలేని సగం జవాబు ఇక్కడే మొదలవుతుంది. ఇందులో ఒక కుర్రాడి గరిష్ఠ స్థాయి ముందే రాసిపెట్టి ఉంటుంది. మనం ఎంత బాగా పెంచినా అతను ఆ గీత దాటడు. నిజ జీవితంలో అలా ముందే గీసిన గీతను ఎవరూ చూడలేదు. జెటర్‌బర్గ్‌ను 210వ స్థానంలో తీసుకున్న రోజున అతని గీత ఎక్కడుందో తెలిస్తే మిగతా జట్లు అంతసేపు ఆగేవా? పదహారేళ్ళకే ఇల్లు వదిలి, జూనియర్ జట్టు ఉన్న ఊరిలో ఎవరో దయగల కుటుంబం ఇంట్లో ఉంటూ, భాష రాక, తిండి సహించక, బెంచీ మీద కూర్చోబెట్టిన రాత్రి అమ్మకు ఫోను చేసి ఏం చెప్పాలో తెలియని పిల్లవాడు ఈ ఆటలో లేడు. అతని బెంగ, అతని పట్టుదల కొన్ని అంకెలుగా మారిపోయాయి. స్పోర్ట్స్ హాస్టల్‌కు బిడ్డను పంపిన తల్లిదండ్రులు మన పాలకొల్లు, అమలాపురం, తణుకు వైపు ఎందరో ఉన్నారు; ఈ లోటు వాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

మన హాకీకి కూడా ఇది దూరపు సంగతి కాదు. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలోనే జరిగాయి. తిరిగి మొదలైన హాకీ ఇండియా లీగ్‌కు 2024 అక్టోబరులో వేలం జరిగినప్పుడు ప్రతి జట్టులోనూ జూనియర్లు తప్పనిసరిగా ఉండాలని నియమం పెట్టారు. హైదరాబాద్ తూఫాన్స్ ఆ మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కు చేరింది. జట్టు జాబితాలో జూనియర్ పేరు ఉండడం వేరు, మ్యాచ్ చివరి క్వార్టర్‌లో అతణ్ణి నమ్మి బరిలో దించడం వేరు. ఆ జట్లను నడిపేవారు ఈ ఆటను కొన్నాళ్ళు ఆడితే నష్టమేమీ లేదు.

కొనాలనుకునేవారికి కొన్ని మాటలు. తెలుగు లేదు, తెరంతా ఆంగ్లంలో పట్టికలే గనుక చదివే ఓపిక ఉండాలి. పాత ల్యాప్‌టాప్ మీద కూడా బాగానే నడుస్తుంది, కానీ మొదట్లోనే ఎక్కువ లీగ్‌లు ఎంచుకుంటే ఒక్కో రోజు ముందుకు జరగడానికి చాలాసేపు పడుతుంది. విడుదలైనప్పటి జట్లు 30 మాత్రమే, ఆటగాళ్ళూ ఆనాటివారే. అభిమానులు తయారుచేసి ఉచితంగా ఇచ్చే కొత్త జాబితాలను స్టీమ్‌లోనే వెదికి వేసుకోవచ్చు. ఆట తనంతట తాను పెద్దగా ఏమీ నేర్పదు, ఐస్ హాకీ నియమాలు బొత్తిగా తెలియనివారు ముందు కొన్ని మ్యాచ్‌లు చూడడం మంచిది. బలమైన జట్టును తీసుకుంటే డ్రాఫ్ట్ ఒక తంతుగానే మిగిలిపోతుంది. అట్టడుగున ఉన్న జట్టును తీసుకోండి, కనీసం ఐదు సీజన్లు ఆడండి. అంతకంటె ముందు ఆపేస్తే మీరు ఎంపిక చేసిన కుర్రాడు ఏమయ్యాడో మీకు తెలియదు.