చేర్యాల నకాషీ వాళ్ల ఇంటి స్టూడియో: పటంతో పాటు ఆర్టిస్ట్‌ని ఫోటో తీయాలనుకునేవాళ్లకి

నకాషీలంటే గుడ్డ మీద పురాణ కథలని బొమ్మలుగా గీసే కళాకారులు, ఆ బొమ్మల గుడ్డనే పటం అంటారు. వాళ్ల ఊరు చేర్యాల హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు, ఆలేరు దాటాక బచ్చన్నపేట మీదుగా వెళ్లాం, రోడ్డు బానే ఉంది. స్టూడియో అంటే ఏదో పెద్ద హాలు ఊహించుకోకండి, ఇంటి ముందు గదే స్టూడియో, తలుపు తీసే ఉంటుంది, ఎవరొచ్చినా కూర్చోబెట్టి చూపిస్తారు, టికెట్ గికెట్ ఏం లేదు. ముందు రోజు ఫోన్ చేసి వెళ్తే మంచిది.

నేను వెళ్లింది ఫోటోల కోసమే. మామూలుగా అందరూ ఆర్టిస్ట్ చేతికి పటం ఇచ్చి నిలబెట్టి క్లిక్ చేస్తారు కదా, నేనూ అదే అడిగితే ఆ పెద్దాయన "గట్ల నిలవడితే చేతులు యాడ పెట్టాల్నో తెల్వది బిడ్డా, నేను గీస్కుంట ఉంట, నువ్ తీస్కో" అన్నారు. నిజంగా అదే కరెక్ట్. నేను కూడా కింద చాప మీద కూర్చుని ఆయన కళ్ల ఎత్తులో కెమెరా పెట్టా, పక్కన గోడకి మార్కండేయ పురాణం పటం నిలువునా వేలాడుతోంది, ఇదివరకు కూనపులి అనే కథలు చెప్పే కులం వాళ్లు పద్మశాలీల దగ్గర ఇలాంటి పటాలు విప్పుకుంటూ రాత్రంతా కథ చెప్పేవాళ్లు. ఆయన ఉడుత వెంట్రుకల బ్రష్‌తో ఓ దేవత కంటికి నల్ల గీత వేస్తున్నారు, గీత పూర్తయ్యేదాకా ఊపిరి కూడా బిగపట్టారు, ఆ ఒక్క ఫ్రేమ్ కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు అనిపించింది నాకు.

ఫోటోగ్రాఫర్లకి అసలు చిక్కు ఎరుపుతోనే. చేర్యాల పటానికి బ్యాక్‌గ్రౌండ్ అంతా ఎరుపే కదా, పటానికి దగ్గరగా కూర్చుంటే ఆ ఎరుపు మొహం మీద పడుతుంది, పైగా కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని కెమెరా తనంతట తాను సరిచేసుకోవడం) అంత ఎరుపు చూసి కంగారుపడి మనిషిని పాలిపోయినట్టు చూపిస్తుంది. అక్కడే బొమ్మ గీయని గుడ్డ ఉంటుంది, ఖాదీకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు పూసి ఆరబెట్టింది, దాన్ని చూసి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకున్నా, అది మరీ తెలుపు కాదు గానీ పని జరిగిపోయింది. మనిషిని పటం పక్కనే, దాదాపు ఒకే వరసలో ఉంచి అపెర్చర్ ఎఫ్ 5.6 పెడితే రెండూ షార్ప్‌గా వస్తాయి, వెనకాల బ్లర్ చేసే మోజు ఇక్కడ వద్దు, ఆయన గీసిన బొమ్మలే కనపడకపోతే ఇక ఆ ఫోటో ఎందుకు. ఎల్ఈడీ లైట్ల కింద చారలొస్తే షట్టర్ స్పీడ్ 1/100 సెకనుకి దింపండి. ఫ్లాష్ అస్సలు వద్దు, కిటికీ వెలుతురు చాలు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. గది చిన్నది, నలుగురు వస్తే పొడవాటి పటం మొత్తం విప్పడానికి చోటుండదు, వైడ్ లెన్స్ పెడితే పటం అంచులు వంకర పోతాయి, కాబట్టి 35 ఎంఎం పెట్టుకుని పటంలో కొంత భాగమే తీయడం మేలు. మధ్యాహ్నం కరెంటు పోయింది, చాలాసేపు రాలేదు. సంక్రాంతి తర్వాత ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతర రష్ ఉంటుంది, ఆ రోజులు తప్పించండి.

ఆ ఇంటావిడ ఇంటి వెనకున్న వరండాలో రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి మాస్కులు చేస్తున్నారు, ఆవిడని కూడా అడిగి తీయండి, అందరూ ఆయన్నే తీసి వచ్చేస్తున్నారు, సగం పని ఆవిడదే. ఇంకా పూర్తికాని కొత్త డిజైన్లు మాత్రం వాళ్లని అడక్కుండా ఆన్‌లైన్‌లో పెట్టకండి, ఎవరో చూసి ప్రింట్ కొట్టేస్తారని వాళ్లకి భయం, అది న్యాయమైన భయమే. బేరం ఆడకుండా ఒక చిన్న మాస్కైనా కొనండి.

ఫోటోలు వాళ్లకి తప్పకుండా పంపండి, ఎగ్జిబిషన్ స్టాల్‌లో ఫ్లెక్సీకి వాడుకుంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి ఫ్లెక్సీ మీద మసకగా వస్తుంది, డాక్యుమెంట్‌లా పంపాలి.