వేళాంగణిలో పూలమ్మే ఆవిడ, మా 700 రూపాయలు

సంక్రాంతి సెలవుల్లో తమిళనాడులో మరియమాత గుడి ఉన్న వేళాంగణి వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, అత్తమ్మ, తొమ్మిదేళ్ళ మా బాబు. పోయిన ఏడాది బాబుకి మొదటి సత్ప్రసాదం (మా క్యాథలిక్ పూజలో క్రీస్తు శరీరంగా తీసుకునే అప్పం) అయినప్పుడు అత్తమ్మ మొక్కుకుంది, అదీ సంగతి. గుంటూరు నుంచి చెన్నై, ఎగ్మోర్‌లో రాత్రి రైలు, తెల్లారేసరికి నాగపట్నం. దారిలో చెప్పుకోదగ్గదేం లేదు. నాగపట్నంలో ఆటో అతను 350 అడిగి 300కి వచ్చాడు.

లాడ్జి దగ్గర మొదలైంది గొడవ. ఆన్‌లైన్‌లో రోజుకి 1,400 అని చూసి, ముందే డబ్బు కట్టి బుక్ చేశాం. తీరా వెళ్తే కౌంటర్‌లో మనిషి లేడు. పది నిమిషాలు బెల్లు కొడితే లుంగీ సర్దుకుంటూ వచ్చి, "పొంగల్ రేటు సార్, 2,100" అన్నాడు. మా ఆయన ఫోన్లో రసీదు చూపించాడు. "అది పాత రేటు" అంటాడు! మా ఆయన తెలుగులో అరుస్తాడు, అతను తమిళంలో అరుస్తాడు. ఇద్దరికీ అన్నీ అర్థమవుతూనే ఉన్నాయి. చివరికి ఎక్కువ కట్టిన 700 రేపు ఫోన్‌పే చేస్తానని మాటిచ్చాడు. 'సీ వ్యూ' గదిలో కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ ఏసీ డబ్బా, దాని మీద పావురం. వేణ్ణీళ్ళు బకెట్ 40.

ఈ గలాటాలో పొద్దుటి పూజ పోయింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. సూట్‌కేసు మీద కూర్చుని జపమాల తిప్పుతూనే ఉంది. ఆవిడ తిడితేనే నయం, ఊరుకుంటే నాకు టెన్షన్.

తర్వాతి పూజకి గంటన్నర టైముంది. మేనేజర్‌కి మనస్సాక్షి కాస్త కదిలినట్టుంది, ఫ్రీగా ఇడ్లీ పంపించాడు. వేడివేడిగా, కొబ్బరి చట్నీతో. నిజం చెప్పాలంటే ఆ లాడ్జిలో బాగున్నది అదొక్కటే. అత్తమ్మ మాత్రం ముట్టలేదు. సత్ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదన్నది నియమం. మంచినీళ్ళు, మందులు పర్వాలేదు. పైగా పెద్దవాళ్ళకి ఆ గంట పట్టింపు కూడా లేదు. ఆవిడకి 71, అదీకాక బీపీ. "మా అమ్మ అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు, నాకు గంట ఎక్కువా?" అంది. నిజమే, 1953 దాకా మంచినీళ్ళకి కూడా మినహాయింపు లేదు. గంటకి తగ్గించింది 1964లో ఆరో పౌలు పోపుగారు. అయినా పూజకి ఇంకా గంటన్నర ఉందిగా, తినొచ్చుగా అంటే, ఇందాకటి కోపం ఇడ్లీ మీద చూపిస్తోందని అర్థమైంది. ఆ ప్లేటు కూడా నేనే తినేశాను.

అక్కడి పెద్ద గుడి, బసిలికా గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. 1962లో 23వ జాన్ పోపుగారు దానికి బసిలికా అనే ప్రత్యేక హోదా ఇచ్చారు. తెలుగు పూజ కూడా ఉంది, వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. ఆగస్టు 29న జెండా ఎక్కించింది మొదలు సెప్టెంబరు 8 పండగ దాకా చిన్నపిల్లలతో మాత్రం వద్దు. బస ప్రైవేటు లాడ్జిలో వద్దే వద్దు, పుణ్యక్షేత్రం వాళ్ళ సొంత గదులకే ప్రయత్నించండి.

నేనిది రాస్తున్నది అక్కడి ఆరాధన మందిరం కోసం, అంటే సత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చుని ప్రార్థించుకునే చోటు. బయట గుండ్లు, కొవ్వొత్తులు, ఇసుక దారిలో మోకాళ్ళ మీద నడిచేవాళ్ళు, ఒకటే హోరు. సాయంత్రం అత్తమ్మ వెనకాలే లోపలికి వెళ్తే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పీఠం మీద చుట్టూ కిరణాలున్నట్టుండే పాత్రలో సత్ప్రసాదం, ముందు పదిహేను మంది ఉంటారేమో. మేం కూర్చున్న కాసేపటికి ఒకావిడ వచ్చింది. మల్లెపూల బుట్ట గుమ్మం పక్కన పెట్టి, తడిగుడ్డ కప్పి, లోపలికొచ్చి నేల మీదే కూర్చుంది. పూలు కట్టే దారం వేలికి ఇంకా చుట్టుకునే ఉంది. పుస్తకం లేదు, జపమాల లేదు. ఊరికే చూస్తూ కూర్చుంది, పది నిమిషాలు ఉంటుందేమో. లేచి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది.

బయటికొచ్చాక అత్తమ్మ ఆవిడ దగ్గర రెండు మూరలు కొంది, మూర 30. వచ్చీరాని తమిళంలో "రోజూ వస్తావా?" అని అడిగింది. రెండు వేళ్ళు చూపించింది ఆవిడ. బేరం మొదలెట్టే ముందోసారి, ఇంటికెళ్ళేటప్పుడోసారి అట. అత్తమ్మ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. "మన విచారణ గుళ్ళో నెలనెలా తొలి శుక్రవారం ఆరాధన పెడితే మోకాళ్ళ నొప్పని ఎన్నిసార్లు ఎగ్గొట్టానో" అంది చీకట్లో.

మర్నాడు మా వాడినీ తీసుకెళ్ళింది. వాడికి కార్లో అక్యూటిస్ అంటే పిచ్చి. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన (పోపుగారు సెయింట్‌గా ప్రకటించిన) కుర్రాడు, సత్ప్రసాద అద్భుతాలన్నీ పోగేసి కంప్యూటర్లో పెట్టినవాడు, పదిహేనేళ్ళకే లుకేమియాతో పోయాడు. జీన్సూ షూసూ వేసుకున్న పునీతుడు ఉన్నాడని తెలిసిన దగ్గర్నుంచి మా వాడికి గుడి మీద కొంచెం గౌరవం పెరిగింది. అయినా రెండు నిమిషాలకే "నానమ్మా, ఇప్పుడేం చదవాలి?" అన్నాడు. "ఏం చదవక్కర్లేదు, చూడు" అంది. నాలుగు నిమిషాలు చూశాడు. తర్వాత ఫ్యాన్లు లెక్కపెట్టాడు.

తిరుగు ప్రయాణం మామూలే. మొత్తం ఖర్చు నలుగురికీ కలిపి 14,860. చేపల వేపుడు ప్లేటు 160, మళ్ళీ మళ్ళీ తిన్నాం.

లాడ్జి అతని 700 ఇంతవరకు రాలేదు. మా ఆయన రోజూ మెసేజ్ పెడతాడు, రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. ఇక్కడ బాబు స్కూల్ ఆటో దారిలో మా గుడి ఉంది. పొద్దున్నే తలుపులు తీసే ఉంటాయి. అత్తమ్మ కూడా ఎక్కి ఐదు నిమిషాలు అక్కడ ఆపిస్తోంది. వెయిటింగ్‌కి నెలకి 300 ఎక్కువ ఇమ్మన్నాడు ఆటో అబ్బాయి. మా ఆయన కాసేపు బేరమాడాడు. 250కి ఒప్పుకున్నాడు.