రంగుకి మందం ఉంది: తనామి సిల్క్ స్క్రీన్ ప్రింట్‌తో కొన్నేళ్ళు

ఈ ప్రింట్ గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. దాని మీది రంగుకి మందం ఉంది. ఫోటోలో ఆ సంగతి తెలియదు. గోడ మీద ఎదురుగా నిలబడి చూసినా సగమే తెలుస్తుంది. పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు చూడాలి. నల్ల గీత గులాబీ రంగు మీదకెక్కి కూర్చుంటుంది, పసుపు దగ్గరికొచ్చేసరికి సన్నని మెట్టు దిగుతుంది. పాత శుభలేఖల మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసిన వధూవరుల పేర్లు వేలికి తగిలేవి చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ ఒకటీ రెండూ కాదు, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ చొప్పున పొర మీద పొర.

బొమ్మ జపాన్ చిత్రకారుడు కేయిచి తనామిది. గోల్డ్ ఫిష్‌లు, పెన్సిల్ సంతకం, కింద ఎన్ని కాపీల్లో ఇది ఎన్నోదో చెప్పే ఎడిషన్ నంబరు. ఆయన జీవితమంతా ఇక్కడ రాయను గానీ, ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1936లో టోక్యోలో పుట్టిన మనిషి. 1945లో టోక్యో మీద బాంబులు పడుతున్నప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడు. తాతగారి గోల్డ్ ఫిష్ తొట్టిలో, ఆ చేపల పొలుసుల మీద, బయటి మంటల వెలుగు తళుక్కుమనడం చూశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆయన బొమ్మల్లోకి ఆ చేపలు వస్తూనే ఉన్నాయి. కొన్నప్పుడు నాకిది తెలియదు, రంగులు బాగున్నాయని కొన్నాను. తెలిశాక అవే రంగులు వేరేగా కనబడ్డాయి.

రాజమండ్రి నుంచి మా అమ్మ టోక్యోలోని మా ఇంటికి వచ్చినప్పుడు, "ఏరా, ఈ చేపలేంట్రా మన వంకే చూస్తున్నాయి?" అంది. తాతగారి తొట్టి కథ చెప్పాను. ఇంకేం అనలేదు. కానీ ఆ తర్వాత చుట్టాలకి వీడియో కాల్‌లో ఇల్లు చూపించాల్సి వస్తే ముందు దాన్నే చూపించేది.

ఇక అసలు గొడవకొస్తాను. ప్రింట్‌ని గ్యాలరీలో ఫ్రేమ్ లేకుండా కొన్నాను, ఫ్రేమ్ వేరే షాపులో కట్టించాను. ఈ బొమ్మకి మూడు వైపులా రంగు కాగితం అంచు దాకా ఉంటుంది, కింద మాత్రమే తెల్ల అంచు. మౌంట్, అంటే చుట్టూ అట్ట చట్రం, వేస్తే బొమ్మ కొంత మూసుకుపోతుంది కాబట్టి, కాగితాన్ని నేరుగా ముందుండే అక్రిలిక్ ప్లాస్టిక్ షీటుకి ఆనించి బిగిద్దామన్నారు షాపువాళ్ళు. రంగు అంటుకోదా అని అడిగాను. ఎప్పుడూ ఇలాగే చేస్తాం, ఏమీ కాదన్నారు. అక్రిలిక్ వరకు నాకు అభ్యంతరం లేదు. భూకంపాలొచ్చే ఊళ్ళో గోడ మీద గాజు పెట్టుకోవడమంటే టెన్షనే.

మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు. స్నేహితులకి ఆ షాపు పేరు నేనే చెప్పాను కూడా. ఆ తర్వాత ఒక ఏడాది వానలు ఎక్కువ రోజులు పట్టుకున్నాయి. టోక్యోలో జూన్, జులై వానాకాలం ఎలా ఉంటుందో ఉన్నవాళ్ళకి తెలుసు, ఉతికిన బట్టలు రెండో రోజుకీ ఆరవు. అది ముగిసీ ముగియకుండానే మేము ఇండియా వెళ్ళాం. ఇల్లు మూసి ఉంది, ఏసీ లేదు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి చేపల రెక్కల మీద నీళ్ళు చల్లినట్టు ముదురు మరకలు. దగ్గరికెళ్ళి చూస్తే నీళ్ళు కాదు, నల్ల రంగు అక్రిలిక్‌కి అతుక్కుపోయింది. రంగు ఎక్కడ మందంగా ఉందో సరిగ్గా అక్కడే.

ఫ్రేమ్ దింపి వెనక అట్ట తీశాను. కాగితం మూల కొంచెం కదిలించగానే లోపల చిటుక్కుమంది. అక్కడితో ఆపేసి, ఉన్నదాన్ని ఉన్నట్టే గుడ్డలో చుట్టి, పాత కాగితపు బొమ్మలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. షాపువాళ్ళకి ఫోన్ చేస్తే, గదిలో తేమ మీరు చూసుకోవాలి అన్నారు. అడిగినప్పుడు తేమ మాటే ఎత్తనివాళ్ళు, పాడయ్యాక తేమ గురించి నాకు చెప్పడం ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడ పల్చని ఫిల్మ్‌ని కాగితానికీ అక్రిలిక్‌కీ మధ్య కొద్దికొద్దిగా జరుపుతూ, వారాల తరబడి తీరిక చేసుకుని విడదీశారు. చాలావరకు క్షేమంగా వచ్చింది. ఒక రెక్క చివర గోరంత నలుపు షీటుకే ఉండిపోయింది, ఇంకొన్ని చోట్ల రంగు నున్నగా మెరుస్తోంది. పైన రంగు పూయవద్దని ఆవిడ సలహా, నేనూ సరేనన్నాను.

కానీ ఆ బల్ల దగ్గర చూసింది మాత్రం మర్చిపోలేను. ఆవిడ గదిలో లైట్లు తీసేసి, చిన్న టార్చిని కాగితం పక్కన దాదాపు బల్లకి ఆనించి వెలిగించారు. బొమ్మంతా లేచింది. పెద్ద చేప కన్ను దగ్గర ముందు పసుపు, దాని మీద ఎరుపు, ఆ పైన నలుపు, ఒక్కో పొర అంచూ విడివిడిగా, సన్నని నీడతో సహా. ఏ రంగు తర్వాత ఏ రంగు వేశారో వేలు పెట్టి చూపించొచ్చు. అన్నాళ్ళూ దీన్నంతా షీటుకి అదిమిపెట్టి చూశానన్నమాట. 2024లో టోక్యోలోని రొప్పోంగిలో ఉన్న నేషనల్ ఆర్ట్ సెంటర్‌లో తనామి పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, సిల్క్ స్క్రీన్‌ల ముందు పక్కకి వంగి వంగి చూస్తూ చాలాసేపు తిరిగాను. అది ఆగస్టు 7న మొదలైంది, ఆయన 9న పోయారు.

కొత్త ఫ్రేమ్‌లో చుట్టూ స్పేసర్లు పెట్టించాను, అక్రిలిక్‌కీ రంగుకీ మధ్య ఖాళీ ఉంది. కాగితాన్ని వెనక నుంచి వాషి అనే జపాన్ కాగితపు ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో అతికించారు, కావాలంటే తడిపి తీసేయొచ్చు. అంచులన్నీ ఇప్పుడు బయటికి కనబడతాయి.

అందువల్లే ఇంకో సంగతి బయటపడింది. రంగులు ఇసుమంత కూడా మారలేదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. పాత ఫ్రేమ్ ముందు అంచు కింద దాగి ఉన్న సన్నని పట్టీలో గులాబీ ఇంకా గట్టిగా ఉంది. మిగతాది దాని పక్కన కాస్త పాలిపోయినట్టుంది. ఈ గులాబీ లాంటి ఫ్లోరసెంట్ రంగులు వెలుతురుకి తొందరగా లొంగిపోతాయి. అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే యూవీ అక్రిలిక్ దాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపదు, ఎందుకంటే మామూలు వెలుతురు కూడా రంగుని తింటుంది. ఎరుపు, నలుపు, పసుపు మాత్రం నా కంటికి అలాగే ఉన్నాయి.

కొనమంటానా? మా హాలుకి ఎండ తగలదు, ఇప్పుడు వానాకాలమంతా గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ నడుస్తుంది, ఊరెళ్ళినా ఆపను. ఈ వసతులున్నాయి కాబట్టి నేనైతే మళ్ళీ కొంటాను. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇల్లయితే, గదిలో తేమ ఎంతుందో ఒక వానాకాలం మీటర్ పెట్టి చూసుకుని అప్పుడు ఆలోచించండి. బడ్జెట్ ప్రింట్ ధరతోనే అయిపోతుంటే మాత్రం ఆగండి. మంచి ఫ్రేమ్‌కి నాకు ప్రింట్ ధరలో మూడో వంతు దాకా అయింది, మరమ్మతు ఖర్చు అందులో కలపలేదు.