జాగ్రత్త: జేఎల్ఏ/అవెంజర్స్ పేరు చెప్పి డూప్లికేట్ అంటగడుతున్నారు

వరంగల్, హనుమకొండ, కాజీపేట, అటు కరీంనగర్ దాకా కామిక్స్ కొనే వాళ్ళందరికీ. "జేఎల్ఏ/అవెంజర్స్, ఒరిజినల్, ఇంపోర్టెడ్, 2,600 మాత్రమే, రెండే కాపీలు ఉన్నయ్" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. జేఎల్ఏ/అవెంజర్స్ అంటే డీసీ కంపెనీ జస్టిస్ లీగ్ జట్టు, మార్వెల్ కంపెనీ అవెంజర్స్ జట్టు కలిసే కామిక్. వాడు అమ్మే ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అది ఒరిజినల్ కాదు. ఎవరో చేసిన స్కాన్‌ని కలర్ ప్రింట్ తీసి, అట్ట అంటించి అమ్ముతున్నారు. పైసలు కొట్టే ముందు ఒకసారి ఇది చదవండి.

కొన్నది మా తమ్ముడు, వాడి దోస్తులు, తలా కొంత వేసుకుని. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. 2025లో మార్వెల్, డీసీ మళ్ళీ చేతులు కలిపి డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్‌లని ఒకే కథలోకి తెచ్చాక పిల్లలందరికీ పాత క్రాసోవర్ల మీద, అంటే రెండు కంపెనీల హీరోలు కలిసే కథల మీద గాలి మళ్ళింది. ఎక్కడ చూసినా ఈ పుస్తకంలోని బొమ్మల క్లిప్పులే: ఒక చేతిలో కెప్టెన్ అమెరికా డాలు, ఇంకో చేతిలో థోర్ సుత్తి పట్టుకున్న సూపర్‌మ్యాన్. ఆ బొమ్మ చూసి మురిసిపోయే వాళ్ళు ఎందరో, రెండో సంచికలో థోర్‌ని సూపర్‌మ్యాన్ ఓడించడం ఇన్నేళ్ళయినా మింగుడుపడని థోర్ అభిమానులు అందరు. మా ఇంట్లోనే అన్నం ముందు పెట్టుకుని దాని మీద కొట్లాట. బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా కాసేపు తలపడి, ఒకరి సత్తా ఒకరు అంచనా వేసుకుని ఆగిపోతారు చూడండి, నాకైతే పుస్తకం మొత్తంలో అదే ఇష్టం. సరే, అది వేరే ముచ్చట.

అమ్మేవాడు సరిగ్గా ఈ మోజునే పట్టుకున్నాడు. మెసేజ్ కింద ఓ పది స్క్రీన్‌షాట్లు పెట్టాడు. "కళ్ళల్లో నీళ్ళొచ్చాయి", "జీవితంలో చదివిన బెస్ట్ క్రాసోవర్", "పెరెజ్ దేవుడు" (బొమ్మలు గీసినాయన). అవన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ ఆ మాటలన్నీ కథ గురించి, బొమ్మల గురించి. వీడు పంపే కాపీ ఎలా ఉందో చెప్పే మాట అందులో ఒక్కటీ లేదు. కథకి వచ్చిన పేరుని తన సరుకుకి సర్టిఫికెట్‌లా వాడుకుంటున్నాడు.

ఈ పుస్తకం ఎందుకంత అరుదో తెలిస్తే మోసం ఎక్కడుందో అర్థమవుతుంది. కర్ట్ బ్యూసిక్ రాసి, జార్జ్ పెరెజ్ గీసిన ఈ కథ 2003-04లో నాలుగు సంచికలుగా వచ్చింది. అసలు 1980ల మొదట్లోనే రావాల్సింది. పెరెజ్ కొన్ని పేజీలు గీశాక రెండు కంపెనీలకీ పొత్తు కుదరక అటకెక్కింది. తర్వాత 2004లో గట్టి అట్టతో, 2008లో మెత్తటి అట్టతో ఒకే కథగా కూర్చి వేశారు. మళ్ళీ అచ్చు వేయాలంటే రెండు కంపెనీలూ ఒప్పుకోవాలి, అందుకే ఏళ్ళ తరబడి దొరకలేదు. పెరెజ్‌కి క్యాన్సర్ అని తెలిశాక, 2022లో కష్టాల్లో ఉన్న కామిక్ కళాకారులని ఆదుకునే హీరో ఇనీషియేటివ్ అనే సంస్థ కోసం 7,000 కాపీలు మాత్రమే వేశారు. ధర 29.99 డాలర్లు. అదే ఏడాది మే నెలలో ఆయన పోయాడు. ఆ 7,000 కాపీలు అమెరికా షాపుల్లోనే ఊడ్చుకుపోయాయి, తర్వాత చేతులు మారినవన్నీ అట్ట మీది ధరకి ఎన్నో రెట్లు పలికాయి. అలాంటిది ఇక్కడ 2,600కి, అదీ అడిగిన వాళ్ళందరికీ "రెండే కాపీలు" అని చెబుతూ ఎలా దొరుకుతుంది? మా తమ్ముడు కొన్న వారం తర్వాత కాజీపేటలో ఇంకో అబ్బాయికి అదే మెసేజ్, అదే రెండు కాపీలు.

ఇక వచ్చిన సరుకు సంగతి. బస్ కార్గోలో పార్సిల్ వచ్చింది. పైన బబుల్ ర్యాప్, లోపల ప్లాస్టిక్ కవర్, చూడ్డానికి బాగానే ఉంది. తెరిచాక తెలిసింది. పెరెజ్ గొప్పతనమంతా రెండు పేజీలు కలిపి పరిచే పెద్ద బొమ్మల్లో ఉంటుంది. ఒక్కో బొమ్మలో పదుల కొద్దీ మనుషులు, ప్రతి మొహం వేరేగా తెలుస్తుంది. స్కాన్‌లో ఆ రెండు పేజీలూ కలిసి ఒకే అడ్డ బొమ్మగా ఉంటాయి కదా, ప్రింటు తీసినవాడు దాన్ని అలాగే ఒక నిలువు పేజీలోకి కుదించేశాడు. పైనా కిందా బెత్తెడు తెల్లకాగితం, మధ్యలో అరచేయంత బొమ్మ. మాటల బుడగల్లో అక్షరాలు చీమతలకాయల్లా అయిపోయాయి. మా వాడు ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివాడు. రెండు జట్ల సభ్యులందరినీ గుమిగూర్చిన మూడో సంచిక అట్ట బొమ్మలో వెనక వరసలన్నీ రంగు మరకలే. నలుపు ఎక్కువున్న పేజీలు వెనక్కి దిగిపోయి కనబడుతున్నాయి. చాలా పేజీల్లో లోపలి అంచున బూడిద రంగు నీడ, స్కానర్ మీద పుస్తకాన్ని నొక్కినప్పుడు పడేది. నాలుగోసారి తెరిచేసరికి జిగురు ఊడి మొదటి పదహారు పేజీలు చేతికొచ్చాయి. గ్రూప్స్ మెటీరియల్‌కి స్పైరల్ బైండింగ్ చేసే మన జిరాక్స్ సెంటర్ వాళ్ళు ఇంతకంటే శుభ్రంగా చేస్తారు, పైగా అది జిరాక్స్ అని మొహం మీదే చెబుతారు.

ఫోన్ చేస్తే మొదట చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇది 2008దా, 2022దా అని అడిగితే "అన్నీ ఒకటేనన్నా" అన్నాడు. ప్రింట్ ఇలా ఉందేంటంటే, "కథ అదే గదన్నా, బొమ్మలు గవే గదా, ఇంకేం గావాలె?" అన్నాడు. పైసలు వాపస్ ఇవ్వమంటే ప్లాస్టిక్ కవర్ చింపాక రిటర్న్ లేదట. కవర్ చింపకుండా లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

కొనాలనుకుంటే ఫొటో అడగొద్దు, వీడియో అడగండి. ఆ రోజు న్యూస్‌పేపర్ పక్కన పెట్టి, పేజీలు తిప్పుతూ తీయమనండి. ముఖ్యంగా రెండు పేజీల బొమ్మ ఉన్న చోట పుస్తకం పూర్తిగా విప్పి చూపించమనండి. అసలుదైతే బొమ్మ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంటుంది. మా దాంట్లోలా ఒకే పేజీలో అడ్డంగా ఇరుక్కుని ఉంటే అక్కడితో ఆపేయండి. ఏ ఏడాది ముద్రణో, కాపీరైట్ వివరాలున్న పేజీ దగ్గర నుంచి చూపించమనండి. నిజంగా పుస్తకం ఉన్నవాడికి ఇది ఐదు నిమిషాల పని. ఊళ్ళోనే ఉన్నానంటే హనుమకొండ చౌరస్తాలోనో, కాజీపేట స్టేషన్ దగ్గరో కలిసి, చేతిలోకి తీసుకుని చూశాకే పైసలివ్వండి. పార్సిల్ వస్తే విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. మా వాళ్ళు తీశారు, ఇప్పుడు ఫిర్యాదుకి అదే ఆధారం.

ఇప్పటికే డబ్బు కట్టి, పార్సిల్ కూడా రాని వాళ్ళుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పుస్తకం వచ్చి ఇలా ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. మేము ఇచ్చాం, డబ్బు అయితే ఇంకా రాలేదు. చాటింగ్, యూపీఐ రసీదు, పార్సిల్ మీది చీటీ పారేయకండి.

నిన్న అదే వాడు కొత్త నంబర్ నుంచి డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్ పుస్తకం ఉందని మెసేజ్ పెట్టాడు. స్క్రీన్‌షాట్లు కూడా పాతవే, సూపర్‌మ్యాన్ సుత్తి గురించి జనం రాసినవి తీసేయడం కూడా మర్చిపోయాడు. ఎవరికైనా అలాంటి మెసేజ్ వస్తే అడగండి, మా కాపీ ఫొటోలు పంపిస్తాను, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.