ఇచ్చిన బిడ్డని వెనక్కి తీసుకెళ్లిపోయాక మేం వెళ్లిన కౌన్సెలింగ్, ఎంవీపీ కాలనీ

ఐదు స్టార్లు ఇస్తున్నాను, ఇబ్బంది కూడా ఒకటుంది, కింద రాశా. మేడమ్ పేరు రాయట్లేదు, ఇది మా ఇంటి విషయం కదా, మా తోటికోడలి కంట పడితే బాధపడుద్ది.

మాది గాజువాక. పెళ్లయి పదకొండేళ్లు, సింహాచలంలో కప్పస్తంభం ఎన్నిసార్లు కౌగిలించుకున్నామో లెక్కే లేదు. మరిదికి మూడో పాప పుట్టినప్పుడు వాళ్లే అన్నారు, అక్కా నువ్వు పెంచుకో అని, ఇరవయ్యొకటో రోజు నుంచి పాప మా దగ్గరే, శ్రావణంలో దత్తత చేసుకుని కాగితం రిజిస్టర్ చేయిద్దాం అనుకున్నాం. నాలుగో నెలలో తోటికోడలు వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయి, రాత్రిళ్లు పాప ఏడుస్తున్నట్టే వినపడతంది, నావల్ల కాదక్కా అంది. ఇచ్చేశాం.

ముందు ఇంకోచోటికి వెళ్తే పది నిమిషాల్లో నిద్రమాత్రలు రాసి, మీ కన్నబిడ్డ కాదు కదా, మర్చిపోండి అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటానే ఉంది.

ఈ మేడమ్ మొదట అడిగింది, పాపని ఏమని పిలిచేవారమ్మా అని. బుజ్జమ్మ అన్నాను, అంతే, అరగంట నోట మాట రాలేదు. తర్వాత ఉయ్యాల సంగతి చెప్పాను. మా అమ్మ పాత నేత చీరతో కట్టాం, నేను నిద్రపోతున్నప్పుడు మా ఆయన విప్పి అటక మీద పెట్టేశారు, దానికి నేను ఆయనతో పదిహేను రోజులు మాట్లాడలేదు. మేడమ్ తప్పెవరిదో తేల్చలేదు, రెండో సిట్టింగ్‌కి ఆయన్ని కూడా రమ్మని, విప్పేటప్పుడు మీకేమనిపించింది బాబూ అని అడిగారు. చీరలో ఇంకా పాప వాసన ఉంది మేడమ్, అందుకే తొందరగా కట్టేశాను అన్నారాయన. నాకు ఆరోజే తెలిసింది.

చట్టం సంగతి కూడా ఓపిగ్గా చెప్పారు. 1956 హిందూ దత్తత చట్టంలో తల్లిదండ్రులిద్దరి ఒప్పుదల ఉండాలి, బిడ్డని దత్తతగా చేతికి ఇచ్చి పుచ్చుకోవాలి, అలా జరిగిపోతే ఇక రద్దు కుదరదంట, మాది ఆ దాకా రాలేదు కాబట్టి తల్లికి హక్కుంది. అదే కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ద్వారా అయితే, బిడ్డని అప్పగించిన తల్లికి ఆలోచించుకోడానికి 60 రోజులిస్తారు, అది దాటి బిడ్డని దత్తత ఇవ్వొచ్చు అని తేల్చాకే మనలాంటోళ్లకి చూపిస్తారు. చుట్టాల్లో నోటిమాట మీద తెచ్చుకునేవాళ్లు దయచేసి ఇది ముందే తెలుసుకోండి, ఆ తల్లి మనసు కుదుటపడేదాకా ఆగండి, మేం ఆగలేదు.

ఇబ్బంది ఏంటంటే వెయిటింగ్ హాలు పక్కనున్న పిల్లల క్లినిక్‌తో కలిపే ఉంది. టీకాలకొచ్చిన పసిపిల్లల ఏడుపులు వింటా అరగంట కూర్చోలేక మెట్ల మీదకొచ్చేశాను. చెప్తే మేడమ్ సారీ చెప్పి, ఓపీ మొదలవకముందే తొమ్మిదింటి స్లాట్ ఇచ్చారు, మీరూ అదే అడగండి. గంటకి ఎనిమిది వందలు, మా ఇద్దరికీ కలిపి ఒకటే ఫీజు తీసుకున్నారు. లిఫ్ట్ లేదు, రెండో ఫ్లోరు.

వచ్చే నెల బుజ్జమ్మ మొదటి పుట్టినరోజు, తోటికోడలే ఫోన్ చేసి పిలిచింది. వెళ్లాలో వద్దో తేల్చుకోలేక ఇంకో సిట్టింగ్ బుక్ చేశాను, తొమ్మిదింటికే, ఇద్దరం వెళ్తున్నాం.